పిండాల గదిలో గాలి

దిగుడు 54వ రోజు

ఏడు పిండాలు. ఏడూ ఆగిపోయాయి.

మొదటి సైరన్‌కే వచ్చి ఇంక్యుబేటర్ తలుపు తీసి, పళ్ళేన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. మూడో రోజు కదా, ఒక్కోదానిలో ఎనిమిది కణాలు కనబడాలి. నాలుగే ఉన్నాయి. కొన్నింట్లో అయిదు. అంచులు నానిన సబ్బుముక్కలా కరిగిపోతున్నాయి. నిన్న ఇవే పిండాలు గుండ్రంగా, బుద్ధిగా, రెండేసి కణాలు నాలుగైన సంగతి పై పేజీలో నేనే రాశాను.

పళ్ళెం మీద పేరు: సరోజన, గ్యాలరీ 9. మా వదిన.

డాక్టర్ నఫీసా ఈ పుస్తకం ఇస్తూ ఒక షరతు పెట్టింది. "చూసింది నీలం సిరాతో రాయి. అనుకున్నది ఎర్ర సిరాతో రాయి. రెండూ కలిపేస్తే నీ తర్వాత ఈ బల్ల దగ్గర కూర్చునే పిల్లకి ఏది నమ్మాలో తెలీదు." నా దగ్గర ఒక్క పెన్నే ఉంది. కాబట్టి నా తర్వాత వచ్చే పిల్లా, నీ తెలివి నువ్వు వాడుకో.

చూసింది: ఏడూ ఆగాయి. వీటికి ముందు ఇంకో ముగ్గురివి కూడా ఇలాగే మూడో రోజున ఆగాయి. అనుకున్నది: ఇది వదిన ఒంట్లో లోపం కాదు. నలుగురు ఆడవాళ్ళ ఒళ్ళు ఒకే వారంలో, ఒకే గంటకి చెడిపోవు.


55వ రోజు

చెప్పక తప్పదు కనుక ఇంటికి వెళ్ళి చెప్పాను.

ఇల్లంటే రెండు గదులు, మధ్యలో తెర. ఎండలు తప్పించుకోవడానికి ఏటా ఈ పాత బొగ్గుగనిలోకి దిగేటప్పుడు గోడలకి సున్నం వేస్తాం. రెండో నెలకల్లా బొగ్గు మళ్ళీ బయటికి చూస్తుంది. వదిన ఆ నల్ల మచ్చకి ఆనుకుని కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నా మొహం చూసి చేట కింద పెట్టింది.

"ఎన్ని?"

"అన్నీ, వదినె."

అన్న ఓదేలు తెర అవతలికి వెళ్ళిపోయాడు. అతనికి అలవాటే. పోయినేడు పిండాల కోసం మొదటి వంతు వచ్చినప్పుడు వదినకి నాలుగు రకాల పరీక్షలు చేశారు. కడుపులోకి గొట్టం పంపారు, రంగు మందు ఎక్కించి ట్యూబులు చూశారు. అన్నీ బాగున్నాయన్నారు. అన్నని అడగలేదు. ఇక్కడ మొగవాడిని మూడో వంతుకి గానీ అడగరు, అదొక మర్యాద. పళ్ళెంలో అండాలూ వీర్యమూ కలిపి ఉంచితే ఒక్కటీ కలవలేదు. అప్పుడు నేనే పట్టుబట్టి అన్న శాంపిల్ తీయించాను. మిల్లీలీటరుకి కోటిన్నర కణాలుండాల్సిన చోట ఇరవై లక్షలు. ఆరేళ్ళుగా పైషాఫ్టులో ఆవిరి బాయిలర్ పక్కన నిలబడే మనిషి. ఆ వేడి చేసిన పని అది. కింది పంపుల దగ్గరికి మార్పించాను. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఆగాం. రెండో వంతుకి సూదితో ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కించాం. ఏడు కలిశాయి. ఆ ఏడే ఇవి.

అమ్మ షిఫ్టు నుంచి వచ్చింది. మా అమ్మ కొమురమ్మ గాలిపలకల షెడ్డుకి పెద్ద. గని మొత్తం పీల్చే గాలి ఆ పలకల గుండా వస్తుంది. కొబ్బరిచిప్పల బొగ్గు నింపిన చట్రాలవి. పదిహేను రోజులకోసారి విప్పి, ఆవిరి పట్టి, ఆరబెట్టి మళ్ళీ బిగిస్తారు. అమ్మ విషయం విని వదిన తల మీద చెయ్యి పెట్టింది.

"ఊకో బిడ్డా. ఇంకొక్కటి ఉన్నది కదా. దానికి ఇంకింత మంచిగ చూస్కుందం."

ఇంకొక్కటే ఉంది. జంటకి మూడు వంతులే, ఇంజెక్షన్ మందు అంతే తయారవుతుంది. నియమం సంగతి వదిలేసినా వదిన ఒళ్ళు ఆగదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. పోయినేడు స్కానింగులో పన్నెండు అండాలు కనబడ్డాయి. ఈ ఏడు ఏడు. వానలకి పైకెక్కి మళ్ళీ దిగేనాటికి ఎన్నుంటాయో డాక్టరమ్మ చెప్పలేదు, నేనడగలేదు.


70వ రోజు

తప్పుడు దారిలో పదిహేను రోజులు పోయాయి. రాసి పెడుతున్నాను.

నలభై నాలుగో రోజు వరకు ఈ గదిలో పిండాల్లో సగం అయిదో రోజుకి చేరేవి. నలభై అయిదు తర్వాత ఒక్కటీ లేదు. నలభై మూడున పిండాలు పెరిగే ద్రవం కొత్త సీసాలు వచ్చాయి. దొంగ దొరికాడనుకున్నాను. సీసాలన్నీ పక్కన పెట్టించి కొత్తవి తెప్పించాను. ఇవాళ కొత్త ద్రవంలో గ్యాలరీ 4 రాజమణి పిండాలు అయిదు, మూడో రోజు. అయిదూ ఆగాయి.

రాజమణిది మూడో వంతు. చెప్తే తలూపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఏడ్చినా బాగుండేది.


81వ రోజు

డాక్టరమ్మ కొత్తవాళ్ళని ఆపేసింది. ఇప్పటికి పదకొండు మందివి ఆగిపోయాయి.

"మీ వదినది కూడా ఆపుదామా, బేటీ?"

"ఎప్పటిదాకా?"

ఆమె కళ్ళజోడు తీసి తుడిచింది. 

"ఇంజెక్షన్లు ఎనభై ఏడున మొదలుపెట్టండి. అండాలు తీసేది తొంభై ఏడున. అప్పటికి నేను కనుక్కుంటాను."

అనేశాను. ఎలా కనుక్కుంటానో నాకు తెలియదు. డిగ్రీలో సూక్ష్మజీవుల గురించి మూడేళ్ళు చదివాను. సముద్రం వైపు పెద్ద కాలేజీకి పోదామని రెండుసార్లు సంచి సర్దాను, రెండుసార్లూ దారి మూసేశారు. ఊరికే కూర్చోలేని మనిషిని ఈ గదిలో పెట్టారు. ఇప్పుడైనా పనికిరావాలి.


88వ రోజు

ఉష్ణోగ్రత సరిగానే ఉంది. నీళ్ళు సరే. పళ్ళేలు మార్చాను. కొత్తవాళ్ళని ఆపకముందే, నా చేతులనే అనుమానించి రెండు వంతులు డాక్టరమ్మ చేత చేయించాను, అప్పుడూ అంతే. మిగిలింది గాలి. దాన్ని పరీక్షించడానికి పిండాల్ని బలి పెట్టలేను. వీర్యకణాలు చాలు. మంచి గాలిలో అవి నాలుగైదు రోజులు ఈదుతాయి, చెడ్డ గాలిలో ముందే ఆగిపోతాయి.

ఫ్యానుల మొండయ్యని అడిగాను. అతనికి నలుగురు పిల్లలు. ఆ సంగతి అడగకపోయినా చెప్తాడు.

"నా శాంపిలా? ఏంది స్వరూపా, నన్ను చూస్తే నీకు అనుమానం కొడుతున్నదా?"

"అనుమానం నీ మీద కాదు మామా, మా గది మీద."

"గట్లైతే తీస్కో. గని బాగు కోసం ఏమైన ఇస్త." డబ్బా అందుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మా దానికి చెప్పకు. ఇంట్ల పనంటే ఒళ్ళు వంగదు గానీ దీనికి ముంగటున్నడు అంటది."

ఒకే మనిషి, ఒకే ద్రవం, ఒకేలాంటి ఇంక్యుబేటర్లు రెండు. ఒకటి మా గదిలో ఉంచాను. రెండోదాన్ని నలుగురి చేత పళ్ళ డాక్టరు గదిలోకి మోయించాను. ఆ గదికి గాలి వేరే గొట్టం నుంచి వస్తుంది.


92వ రోజు

నాలుగో రోజు లెక్క. పళ్ళ డాక్టరు గదిలో వందకి అరవై ఎనిమిది ఈదుతున్నాయి. మా గదిలో మూడు.

రెండుసార్లు లెక్కపెట్టాను. తర్వాత కుర్చీలో కూర్చుని ఊపిరి పీల్చాను. ఈ గాలినే రోజూ పీలుస్తున్నాను. నాకేం కాలేదు. నాకు ముక్కుంది, ఊపిరితిత్తులున్నాయి, వడకట్టే కాలేయముంది. ఆ ఎనిమిది కణాలకి ఏదీ లేదు. ఏది తగిలితే అది తాగేస్తాయి.


95వ రోజు

నిన్నంతా గొట్టం వెంట తిరిగాం. కీళ్ళ దగ్గర జిగురు, మోటారు నూనె, పైపు రంగు, దేనిలోనూ ఏమీ లేదు. ఈ సాయంత్రం మొండయ్య మా గది పలకలు విప్పాడు. శుభ్రంగా ఉన్నాయి. గనిలో వీటికన్నా శుభ్రమైన పలకలు లేవు. తడి ఉందేమో చూడటానికి ఒకదాన్ని వేడి రేకు మీద పెట్టాడు.

నిమిషం తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సాంబ్రాణి.

"బారసాల ఇల్లు లెక్క వస్తున్నదేంది?" అన్నాడు మొండయ్య.

 వేడినీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, బుట్ట కింద నిప్పులు పెట్టి పసిపిల్లల తలలకి పొగ పట్టే చెయ్యి నాకు తెలుసు. ఈ గ్యాలరీల్లో పుట్టిన ప్రతి పిల్లకీ ఆ చెయ్యే పట్టింది.

అప్పటికే వదిన చివరి ఇంజెక్షన్ తీసుకుంది. ముప్ఫై ఆరు గంటల్లో అండాలు తీయాలి. వెనక్కి వెళ్ళే దారి లేదు, సూది యంత్రం పట్టే గది ఇంకోటి లేదు.

షెడ్డుకి వెళ్ళాను. అమ్మ పలకల మీద కప్పే బట్టలు మడుస్తోంది.

"అమ్మా, మా గది పలకలకి సాంబ్రాణి వేస్తున్నవా?"

"ఏస్తున్న." దాపరికమేమీ లేదు. పైగా కొంచెం సంతోషంగా అంది. "మీ గదియి ఒక్కటే. తక్కినయి ఎందుకు?"

"ఎప్పటి నుంచి?"

"సరోజన రెండోపారి వచ్చినప్పటి సంది. పసిపోరగాళ్ళుండే గది కదనే. పలకలకి తానం పోస్తున్నం, పోసినంక పొగ పట్టకుంట వదుల్తమా? జలుబు చెయ్యదా?"

పదిహేను రోజులకోసారి, నలభై అయిదు, అరవై, డెబ్బై అయిదు, తొంభై. ఎవరినీ నమ్మకుండా తన చేతుల్తోనే.

చెప్పాను. బొగ్గు వాసనని మింగుతుందని, మింగింది లోపల దాచుకోదని, పదిహేను రోజులూ కొంచెం కొంచెంగా మా గదిలోకి వదుల్తుందని. పిండానికి ఇంకా తల లేదమ్మా, జలుబు లేదు, పొగ పట్టడానికి జుట్టు లేదు. విషం తగిలితే విడిపోవడం ఆపేస్తుంది, అంతే.

అమ్మ మడిచిన బట్ట విప్పి మళ్ళీ మడిచింది.

"గా ఏడూ?"

"అవే."

"ఇంకెవరియి?"

"మొత్తం పదకొండు మంది."

 తర్వాత అమ్మ అన్న మాట రాయకుండా ఉందామనుకున్నాను, కానీ రాస్తున్నాను.

"పూలు పెట్టుకోని రావద్దన్నవ్. నూనె వద్దన్నవ్. ఎందుకో చెప్పలే. సదువుకున్నదానివి, చెప్తే నాకు అర్థం కాదనుకున్నవా?"

అవును, అనుకున్నాను. నిషేధాల పట్టీలో పూలు, నూనె, అత్తరు రాసి గోడకి అంటించి నా పని అయిపోయిందనుకున్నాను. కారణం రాయలేదు. కారణం తెలిసి ఉంటే అందరికన్నా ముందు అమ్మే సాంబ్రాణిని ఆ పట్టీలో చేర్పించేది.

"కొత్త పలకలు కావాలె," అన్నాను.

"మంచినీళ్ళ స్టేషన్‌ల ఆరు ఉన్నయ్. సీలు తియ్యనియి." అప్పటికే లేచి తాళాలు అందుకుంది. "నేను ముట్టను. మొండయ్యని తెమ్మను. ఎట్ల బిగియ్యాల్నో దూరం నుంచి చెప్త."

చెప్పింది. రాత్రి సైరన్‌కి పలకలు మారాయి. గాలి వేగం పెంచి గదిని కడుగుతున్నాం.


96వ రోజు

డాక్టరమ్మ నివేదిక కాగితం నా ముందుకు జరిపింది.

"గాలి లోపం అని రాయి. అబద్ధం కాదు. మీ అమ్మ పేరు ఎందుకు?"

ఆలోచించాను. కారణం రుజువుతో సహా ఉంటే గానీ గని కమిటీ వంతులు తిరిగివ్వదు. గాలి లోపం అంటే మొండయ్య మీదకి పోతుంది, వంతులు మాత్రం రావు. ఆ పదకొండు మందిలో అయిదుగురివి చివరివి. వాళ్ళందరూ ఇప్పుడు తమ ఒళ్ళే పనికిరానిదని నమ్ముతూ వంట చేస్తున్నారు.

రాశాను. పేరుతో, తేదీలతో రాశాను. కారణం గోడ మీద పెట్టని ల్యాబ్ మనిషి పేరు కూడా రాశాను, స్వరూప, గ్యాలరీ 9.

మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు హాజరు పిలుస్తారు. అందరూ పెద్ద గ్యాలరీలో వరసగా నిలబడి పేరు వినగానే పలుకుతారు. అమ్మ పేరు వచ్చింది.

"గ్యాలరీ 9, కొమురమ్మ, హాజరు. నేనొక మాట చెప్పాలె."

గుమాస్తా తలెత్తాడు. అమ్మ మొత్తం చెప్పింది. ఏం చేసిందో, ఎన్నిసార్లో, ఎందుకో. ఎందుకో అన్నది ఒక్క వాక్యంలోనే ముగించింది. తర్వాత పదకొండు పేర్లు చెప్పింది. ఆ పేర్లు నేనివ్వలేదు, షెడ్డు నుంచి ఇంటికి వెళ్ళేలోగా తనే ఒక్కో గ్యాలరీ అడిగి తెలుసుకుంది.

 రాజమణి వరస దాటి ముందుకొచ్చింది.

"మా అత్త నన్ను గొడ్డుదన్నది. ఇరవై ఆరు దినాలాయె, పొద్దున లేస్తే అదే మాట."

"మీ అత్త కాడికి నేనొస్త," అంది అమ్మ. "ఇప్పుడే పోదం, నడువు."

ఇద్దరూ వెళ్ళారు. రాజమణి ముందు, నాలుగడుగుల వెనక అమ్మ.

ఇంట్లో మంచం మీద ఉన్న వదినకి అన్న చెప్పాడు. ఆమె విని గోడ వైపు తిరిగి పడుకుంది.


97వ రోజు

అండాలు అయిదు. పక్వానికి వచ్చినవి నాలుగు. అన్న శాంపిల్ ఈసారి తొంభై లక్షలు. డబ్బా ఇస్తూ మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"ముందే ఇయ్యాల్సింది కదా, చెల్లె."

"ముందే అడగాల్సింది, అన్నా."

సూది డాక్టరమ్మ పట్టింది. అండాల్ని నేను పట్టుకున్నాను. వెంట్రుకలో పదో వంతు మందం గాజు మొన అండాన్ని నొక్కితే చర్మం లోపలికి గుంట పడి, పడి, ఒక్కసారి దారిస్తుంది. నాలుగుసార్లు దారిచ్చింది.


98వ రోజు

మూడు కలిశాయి.


100వ రోజు

మూడో రోజు.

పళ్ళెం తీయడానికి ముందు చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. మూడోసారి కడగబోతే డాక్టరమ్మ కొళాయి కట్టేసింది.

ఎనిమిది. ఎనిమిది. ఆరు.

అంచులు గట్టిగా ఉన్నాయి.


102వ రోజు

ఆరు కణాలది ఆగింది. మిగతా రెండూ బంతులయ్యాయి. లోపల నీళ్ళ గది, ఒక మూల గుత్తిగా కణాలు. నలభై అయిదో రోజు తర్వాత ఈ గదిలో అయిదో రోజు చూసినవి ఇవే.

వదిన చూస్తానంది. కుర్చీ ఎత్తు సరిచేసి కూర్చోబెట్టాను. చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇందులో బిడ్డ యాడున్నది?"

"ఆ గుత్తిలో. చుట్టూ ఉన్నది మాయ అవుతుంది."

"ఒక్కటే పెట్టుండ్రి. రెండోది దాచుండ్రి." ఇంకా కన్ను ఆనించే ఉంది. "అత్తమ్మ యాడున్నది?"

"వంటశాలల. షెడ్డు నుంచి తీసేసిండ్రు. ఉల్లిగడ్డలు కోస్తున్నది."

"ఆరు దినాలైంది నాతోని మాట్లాడక."

"నువ్వే కదా గోడ దిక్కు తిరిగింది."

"తిరిగిన. తిరగద్దా? ఏడుగురే." గొంతు మామూలుగానే ఉంది. "నా మీద పాణం పెట్టి చేసిందని తెలుసు. తెలిసినా తిరగబుద్ధయింది."

 పిండాన్ని సన్నని గొట్టంలోకి తీసుకుని పక్క గదికి నడిచాను. పదకొండు అడుగులు. డాక్టరమ్మ దాన్ని వదిన కడుపులో పెట్టాక గొట్టాన్ని మళ్ళీ మైక్రోస్కోపు కింద చూశాను. ఖాళీగా ఉంది. అంటే వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది.


106వ రోజు

కమిటీ తీర్మానం వచ్చింది. పదకొండు వంతులు తిరిగిచ్చారు. రాజమణి పేరు మొదట ఉంది. నాకు హెచ్చరిక, దాన్ని ఫైల్లో పెట్టారు. గోడ మీద పట్టీ చించి కొత్తది రాశాను. ఒక్కో నిషేధం పక్కన కారణం రాశాను. పెద్ద అక్షరాల్లో, గనిలో మాట్లాడుకునే మాటల్లో రాశాను. ముందు అమ్మకి చదివి వినిపించాను. రెండు చోట్ల అర్థం కాలేదంది. మార్చాను.

అమ్మ ఇప్పటికి ఏడిళ్ళకి వెళ్ళి వచ్చింది. ఒక ఇంట్లో తలుపు తీయలేదు. మళ్ళీ వెళ్తుందట.


113వ రోజు

గర్భం నిలిచిందో లేదో చూడటానికి ఇవాళ వదిన రక్తం తీశారు. ఫలితం కాగితం మడిచి డాక్టరమ్మ నాకివ్వబోతే వదిన మధ్యలో చెయ్యి పెట్టింది.

"నువ్వు చదవకు. మీ అన్నకి గూడ చెప్పకు."

కాగితం పట్టుకుని వంటశాలకి నడిచింది. వెనక నేను నడిచాను. అమ్మ పీట మీద కూర్చుని ఉంది, ముందు ఉల్లిగడ్డల గంప, పక్కన ఎవరూ లేరు. పదిహేడు రోజులుగా ఆమె పక్కన ఎక్కువమంది కూర్చోవడం లేదు. వదినని చూసి కత్తి కింద పెట్టింది.

"అత్తమ్మా. నువ్వే చదువు."

అమ్మకి అక్షరాలు రావు. పలకల మీద వేసే అంకెలు వచ్చు. చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం విప్పి, వెలుతురుకి పట్టుకుని ఒక్కొక్కటే చదివింది.

"మూడు. ఒకటి. రెండు."

ఆగింది.

"ఎంతుండాలె?"

"ఇరవై అయిదు దాటితే చాలు," అన్నాను వెనక నుంచి. 

అమ్మ మళ్ళీ మొదటి నుంచి చదివింది. కాగితం తిప్పి వెనక కూడా చూసింది, ఇంకేమైనా రాసి ఉందేమోనని. తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంది.

వదిన గోడకి ఉన్న ఇంకో కత్తి తీసుకుంది.

"జరుగు," అని పీట మీద సగం చోటు చేసుకుని, గంపని తన వైపుకి లాక్కుంది.